ఏడో అంశం

ఏప్రిల్ వచ్చినా మంచు కరగని మంగళవారం, రాత్రి ఏడున్నర.
డన్నిక్ కోవ్, న్యూఫౌండ్‌ల్యాండ్. ఫైర్ స్టేషన్ మేడ మీద గది.
మూల హీటరు దగ్గుతోంది.
నేను ఊరి గుమస్తాని. గంటకి పంతొమ్మిది డాలర్లు.
ఈ బల్ల చుట్టూ జీతం ఉన్నది నా ఒక్కదానికే.

రెండో అంశం రేవు మెట్లు. మూడోది ఎవరిదో తెలియని కుక్క.
ఆరు దాకా అందరూ గట్టిగానే మాట్లాడారు.
ఏడు దగ్గర
అందరికీ ఒక్కసారే కాఫీ గుర్తొచ్చింది.

'సభ్యుల పారితోషికం' అని టైపు చేసింది నేనే.
ముందు 'జీతం' అని కొట్టి, చెరిపి,
మాట పొడవైతే డబ్బు చిన్నగా కనిపిస్తుందని.

మేయరు వెర్నా కీపింగ్.
చేపల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు ముళ్లు తీసిన వేళ్లు
ఇప్పుడు పంపుహౌస్ తాళం తిప్పుతాయి.
జనవరిలో పైపు పగిలిన రాత్రి రెండింటికి
ఊరు లేపింది ఆమెనే.
సొంత ట్రక్కు, సొంత పెట్రోలు, సొంత మోకాళ్లు.
పొద్దున కొట్లో ఎవరో:
"నీళ్లు ఎర్రగా వస్తున్నాయి వెర్నా,
మా పన్నులు తిని ఏం చేస్తున్నారు మీరు?"
తిన్నదేమిటో నా లెడ్జర్‌కి తెలుసు.
మేయరు సున్నా, సభ్యులు సున్నా,
వలకి కట్టిన బెండ్లలా వరసగా సున్నాలు.

హార్వే స్కేన్స్ గొంతు సవరించుకున్నాడు.
"సేవకి వెల కట్టకూడదు.
ముప్ఫై ఏళ్లలో ఒక్క సెంటు అడిగానా నేను?"
అడగలేదు. నిజమే.
కోస్ట్ గార్డ్ పెన్షన్ ఉంది, కొడుకు నడిపే పీతల పడవ ఉంది,
తిరిగెళ్లేసరికి పొయ్యి మీద వేడిగా ఏదో ఉంటుంది.
ఉచితంగా పని చేయడానికీ కాస్త కలిమి కావాలి.
ఈ వాక్యం మినిట్స్‌లో లేదు.

అతని పక్క ఖాళీ కుర్చీ షానా పార్డీది.
ఇద్దరు పిల్లలు. వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ.
మీటింగుకి వస్తే పిల్లల్ని చూసే అమ్మాయికి నలభై,
వదులుకున్న డ్యూటీకి నూట పది.
పద్నాలుగు మీటింగులు వచ్చింది.
మురుగు కాలువ గ్రాంటు కాగితాలు
పిల్లాడి జ్వరం పక్కన కూర్చుని నింపింది.
గ్రాంటు వచ్చింది. అదే వారం రాజీనామా కూడా:
"సారీ. ఊరికి పనిచేయడానికి
నా దగ్గర డబ్బు చాలటం లేదు."

ఎంతైతే న్యాయం?
వెర్నావి వారానికి ఇరవై రెండు గంటలు,
తిట్లు తినే టైము కలపకుండా.
తిట్లకి రేటు ఏ పట్టికలోనూ దొరకలేదు.
పైగా తన కంచంలో తనే వడ్డించుకోవాలి,
అదీ ఊరంతా చూస్తుండగా.
ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికి చోటు లేదు.

వెర్నా లేవలేదు. కూర్చునే చెప్పింది,
చేపల పెట్టెలు లెక్క చెప్పినట్టు.
"మేయరుకి ఏడాదికి నాలుగు వేలు. సభ్యులకి పన్నెండు వందలు.
పిల్లల్ని చూసే ఖర్చు వేరే.
అంతా కలిపి ఇంటికి ఇరవై ఆరు డాలర్లు, ఒక పీజా.
ఎన్నికలయ్యాక మొదలు.
నేను నిలబడటం లేదు. కాబట్టి అడగ్గలుగుతున్నాను."

మూడు చేతులు లేచాయి.
హార్వేది వ్యతిరేకం.
గ్లిన్ హిస్కాక్ చెయ్యి భుజం దాకా వచ్చి,
చెవి గోక్కుని, దిగిపోయింది.
అనుకూలం మూడు, వ్యతిరేకం ఒకటి అని రాశాను.
చెవి సంగతి రాయలేదు.

అందరూ మెట్లు దిగాక హార్వే ఎప్పటిలాగే కుర్చీలు మడిచాడు.
అది కూడా ఉచితమే.
"పిల్లల ఖర్చు సంగతి ఆ పార్డీ అమ్మాయికి
ఎవరైనా చెప్పారా?" అన్నాడు, నా వైపు చూడకుండా.
లేదన్నాను.
"రేపు చెప్పు. ఫోన్లో కాదు, వెళ్లి చెప్పు."

హీటరు ఆపాను. తొమ్మిదీ పది.
నా టైమ్‌షీట్‌లో గంటా నలభై నిమిషాలు వేసుకున్నాను.